తొమ్మిదో నెల సూది

అది 1998 జనవరిలో పోలియో చుక్కల ఆదివారం, పొద్దున్న తొమ్మిదీ పది నిమిషాలు. గుడివాడలో మా వీధి చివర స్కూలు వరండాలో ఒక బల్ల, బల్ల మీద ఐసు డబ్బా, దాని వెనక ఒక నర్సమ్మ. ముందురోజు రిక్షాకి మైకు కట్టి ఎనిమిదింటికని చెప్పారు గనక నేను రెండేళ్ళ మనవణ్ణి చంకనేసుకుని ఎనిమిదింటికే వెళ్ళాను. అప్పటికి బల్ల కూడా రాలేదు. ఇంటికి వెళ్ళి రెండోసారి వచ్చాక, ముందు ఆ ఆలస్యం సంగతి తేల్చుకోనిదే పిల్లవాడి నోరు తెరిపించలేదు. “ఎనిమిదన్నారు కదమ్మా” అన్నాను. “ఐసు రావద్దాండీ మరి, నేను తెచ్చుకునేదా?” అంది ఆవిడ. వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు.

చుక్కలు వేశాక ఆవిడ మావాడి మొహం వంక చూసింది. “కళ్ళు ఎర్రగా ఉన్నాయేంటండీ?” రాత్రి సరిగా నిద్రపోలేదన్నాను. “ముక్కు కూడా కారుతోంది.” చలికాలం కదా అన్నాను. “తొమ్మిదో నెలలో తట్టు సూది వేయించారా?” అని అడిగింది. “అన్నీ వాళ్ళ అమ్మమ్మగారింట్లోనే అయిపోయాయి” అన్నాను. అవలేదని నాకు తెలుసు. ఆవిడ తలూపి తరవాతి బిడ్డని పిలిచింది. రుజువు చూపించమని అడిగే నియమం ఏదీ ఆవిడ చేతిలో లేదు. ఉంటే మాత్రం నేను ఇంత కథ రాయవలసి వచ్చేది కాదు.

ఆ తరవాతి బిడ్డ మా పక్కింటి వరలక్ష్మి కూతురు సిరి. ఎనిమిదో నెల నడుస్తోంది. చుక్కల చేదుకి అది మూతి వికారంగా పెట్టి ఏడుపు అందుకుంటే, నా చంకలోంచి మావాడు వంగి తాను చప్పరిస్తున్న బిస్కట్టు దాని నోట్లో పెట్టాడు. అది ఏడుపు మానేసి చీకడం మొదలుపెట్టింది. “చూశారా అక్కయ్యా, ఇప్పట్నించే మా పిల్లని బుట్టలో వేసుకుంటున్నాడు” అంది వరలక్ష్మి. “జాతకాలు చూడనిదే మా ఇంట్లో ఏ సంబంధమూ కుదరదమ్మా” అన్నాను. ఇద్దరం నవ్వుకుంటూ ఇళ్ళకొచ్చాం. పిల్లలిద్దరూ దారిపొడుగునా ఒకళ్ళ మొహంలో ఒకళ్ళు మొహం పెట్టుకునే ఉన్నారు.

నాకప్పుడు నలభై నాలుగేళ్ళు. నాయనమ్మనయ్యాను గనక పెద్దదాన్నయ్యాననుకునేదాన్ని గాని, డెబ్భై దాటాక వెనక్కి చూస్తే అదే నా పడుచుతనం. ఒంట్లో ఓపిక, ఇంట్లో మాట చెల్లుబాటు, రెండూ నిండుగా ఉన్న కాలం. మావారిది ధాన్యం వ్యాపారం. పెరట్లో ఊక పొయ్యి మీద పెద్ద కాగులో నీళ్ళు నాలుగున్నరకే మరగాలి. ఆ ఊక పొగ వాసన చీర కొంగుల్లో, తలలో, చివరికి దేవుడి గదిలో కూడా ఉండేది. ఆరింటికి కాఫీ, ఏడింటికి మావారి స్నానం, పదకొండింటికి వంట పూర్తి. బందరు బండి కూతకి గోడ గడియారం సరిచూసుకోవడం నాకు అలవాటు. “బండి ఆలస్యమైతే తప్పు బండిదే, అక్కయ్య గడియారం ఎప్పుడూ రైటే” అని వరలక్ష్మి నవ్వేది. ఆమెది పెడన. పుట్టిల్లూ అత్తిల్లూ కూడా కలంకారీ అద్దకాల వాళ్ళే. గుడివాడలో చీరలు, దుప్పట్లు అమ్మే కొట్టు పెట్టుకుని మా పక్క వాటాలో దిగారు. వాళ్ళింట్లో అడుగుపెడితే కరక్కాయ వగరు వాసన, అద్దకపు బట్టల పచ్చి వాసన గుప్పుమనేవి. పెళ్ళయిన పదకొండేళ్ళకి పుట్టింది సిరి. ఆ పిల్ల కోసం చేసిన మొక్కులన్నీ వరలక్ష్మి నాకు ఏకరువు పెట్టేది, ఏ మొక్కు ఎప్పుడు తీర్చాలో నన్నే గుర్తుపెట్టుకోమనేది. “నాకు మతిమరుపు అక్కయ్యా. మీరైతే తప్పరు” అనేది.

ఇక మా సూది సంగతి. కోడలు సునీతది దివిసీమ, నాగాయలంక దగ్గర పల్లె. తొలిచూలు గనక పురుడు పుట్టింట్లో. పుట్టింటి పురుడంటే కాన్పు ఒక్కటే కాదు మా వైపు. మందులూ మాకులూ, ఉయ్యాలా, బాలింత పథ్యం, బిడ్డకి మొదటి సూదులు, అన్నీ వాళ్ళవే. ఐదో నెలలో సారెతో బిడ్డని మా ఇంటికి పంపారు. మూడు సూదులు అయ్యాయి. తొమ్మిదో నెల దగ్గరపడ్డాక ఓ సాయంత్రం సునీత బియ్యం ఏరుతూ మెల్లిగా అంది: “అత్తయ్యా, తట్టు సూది ఒకటి మిగిలిందండీ. పెద్దాసుపత్రిలో ఊరికే వేస్తారట.”

“ఊరికే వేస్తే మటుకు? మొదలుపెట్టినవాళ్ళు పూర్తిచేయాలి కదా” అన్నాను. “మధ్యలో మనం వేయిస్తే మీ అమ్మగారు ఏమనుకుంటారు? మేం చేయలేమనుకున్నారా అనుకోరూ? వెళ్ళినప్పుడు వేయించుకురా.”

ఇది పిసినారితనం కాదు. అలా అయితే ఇంత సిగ్గుపడేదాన్ని కాదేమో. అది మర్యాద అనుకున్నాను. ఎవరి వంతు ఎవరిదో గీత గీసినట్టు నాకు తెలుసుననీ, వియ్యాలవారి దగ్గర మాట రాకుండా నడుపుకొస్తున్నాననీ నా గర్వం. మా పొలంలో ఊడ్పుల రోజులు గనక అప్పుడు సునీతని పంపడం కుదరలేదు. దసరాకి పంపాను. అక్కడ వాళ్ళమ్మగారు, “ఇప్పుడు వాడు వాళ్ళింటి బిడ్డ. అత్తగారితో చెప్పకుండా పొడిపిస్తే, జ్వరం వస్తే మాట ఎవరు పడతారు?” అన్నారట. ఆవిడదీ మర్యాదే. రెండిళ్ళ మర్యాదల మధ్య పిల్లవాడికి ఏడాది నిండింది, నడక వచ్చింది, మాటలు వచ్చాయి. ఇక ఆ సూది ఊసు ఎవరూ ఎత్తలేదు. పోలియో చుక్కలు మాత్రం పిలిచిన ప్రతి ఆదివారం వేయించాను. మైకులో చెప్పారు, వీధి వీధంతా వెళ్తోంది, వెళ్ళకపోతే నలుగురూ అడుగుతారు. అడుగుతారన్నదేదీ నేను తప్పలేదు.

నా చిన్నతనంలో బందరులో టీకాల మనిషి వస్తే మా అమ్మ నన్ను ధాన్యం గాదె వెనక దాచేది. మశూచి టీకాలు. చెయ్యి వాస్తుంది, చీము పడుతుంది, ఆడపిల్లకి మచ్చ పడుతుందని ఆమె భయం. ఒకసారి అలాగే దాచి, పిల్ల ఊళ్ళో లేదని చెప్పింది. ఆయన గొడవ చేయలేదు. అరుగు మీద కూర్చుని మజ్జిగ అడిగాడు. ఇచ్చింది. తాగి ఇంకో గ్లాసు అడిగాడు. “పిల్ల వచ్చేదాకా ఉంటానమ్మా. నాకు ఇవాళ మీ ఇంటితోనే పని” అన్నాడు. గాదె వెనక దుమ్ముకి నాకు తుమ్మొచ్చింది. మా అమ్మ ఆయన్ని చాలాకాలం తిట్టింది. నా భుజం మీద ఆ రెండు మచ్చలూ ఇప్పటికీ ఉన్నాయి. మా అమ్మ ఇష్టానికి వదిలేసి ఉంటే నాకు టీకా పడేది కాదు. ఆ సంగతి నా మనవడి విషయంలో ఒక్కసారైనా నాకు తోచకపోవడం ఇప్పుడు తల్చుకుంటే వింతగా ఉంటుంది.

మంగళవారానికి మావాడికి జ్వరం పేలింది. బుధవారం చెవుల వెనక, మెడ మీద ఎర్రగా పొక్కి సాయంత్రానికి ఒళ్ళంతా దిగింది. మా మావగారు చూసి “అమ్మవారు పోసింది” అన్నారు. అంతే, ఇల్లు మారిపోయింది. గుమ్మానికి వేపమండలు. పోపు బంద్. వారం రోజులు ఇంట్లో ఆవాలు చిటపటలాడలేదు. చెప్పులు వీధిలోనే. ఎవరూ తల దువ్వుకోకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, జబ్బు అనే మాట అనకూడదు. బయటివాళ్ళని గడప దాటనివ్వలేదు. వరలక్ష్మి గోడ మీంచి కొబ్బరిబోండాలు అందించేది. “బాబు ఎలా ఉన్నాడక్కయ్యా? తల్లి చల్లగా దిగుతోందా?” అని అడిగి, మా గుమ్మానికి దణ్ణం పెట్టి వెళ్ళేది. బయటివాళ్ళని దూరంగా ఉంచడం మంచిదే. కానీ ఆదివారం నాటి వరండాలో, ఆ దారిలో, పిల్లలిద్దరి మొహాలూ కలిసే ఉన్నాయి.

మావాడికి నీళ్ళు పోసి, చద్ది నైవేద్యం పెట్టి, పోపు వేసుకున్న రెండో రోజున సిరికి జ్వరం వచ్చింది. తట్టు పోసింది. తట్టుతో ఆగలేదు. ఆయాసం వచ్చి డొక్కలు ఎగరేస్తుంటే పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. ఊపిరితిత్తులకి పాకిందన్నారు డాక్టరుగారు. చూస్తూ చూస్తూనే అడిగారు: “చుట్టుపక్కల ఎవరికైనా వచ్చిందా?”

“పక్కింటి బాబుకండీ” అంది వరలక్ష్మి.

“ఆ బాబుకి టీకా వేయించలేదా?”

నేను నోరు తెరిచేలోపు వరలక్ష్మి అంది: “అయ్యో, వేయించకపోవడమేంటండీ. మా అక్కయ్య సంగతి మీకు తెలీదు. రైలు తప్పుతుంది గాని ఈవిడ తప్పరు.” అని నా వంక చూసింది, నేను కూడా ఒక మాట అంటానని. డాక్టరుగారూ చూశారు. గోడకి ఏదో పిల్లల బొమ్మ ఉంటే నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను. “వేయించినా ఒక్కోసారి వస్తుందిలెండి” అన్నారు ఆయన. ఆ మాట నాకు హాయిగా అనిపించింది. ఇది రాయడానికే చెయ్యి రావడం లేదు. పక్కన పసిపిల్ల ఊపిరికి కొట్టుకుంటుంటే, నాకు ఆ మాట హాయిగా అనిపించింది.

అసలు సంగతి వరలక్ష్మికి చెప్పింది సునీత. ఆసుపత్రికి కాఫీ ఫ్లాస్కు తీసుకెళ్ళి, అక్కడ ఏడ్చి చెప్పేసిందట. నాతో చెప్పి వెళ్ళలేదు, వచ్చాకా చెప్పలేదు. సిరి ఇంటికొచ్చిన తరవాత ఒక మధ్యాహ్నం నేను పెరట్లో అప్పడాలు ఎండబెడుతుంటే గోడ అవతల నించి వరలక్ష్మి పిలిచింది.

“అక్కయ్యా, బాబుకి ఆ సూది వేయించలేదటగా.”

అప్పడం చేతిలోనే ఉంది. అవునమ్మా, నా వల్లే, అనడానికి ఎంత సేపు పడుతుంది? నేను అన్నది ఇది: “అమ్మవారు రావాలనుకుంటే సూదులకి ఆగుతుందా వరలక్ష్మీ?”

ఆమె నాకంటే భక్తురాలు. ఆ పిల్ల కోసం కొండ మెట్లన్నీ మోకాళ్ళ మీద ఎక్కిన మనిషి. “అవునండీ” అంది. “ఆవిణ్ణి అడ్డం పెట్టుకుంటే ఇంక నేనేం మాట్లాడగలను?” చెంబులో నీళ్ళు తులసికోటలో పోసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నేను ‘అక్కయ్య’ని కాను, వట్టి ‘మీరు’, ‘అండీ’. ఎదురుపడితే “భోజనాలయ్యాయా అండీ” అని మర్యాదగా అడిగేది. అంత మర్యాద నా ఎరికలో ఎవరూ నాకు చేయలేదు.

ఉగాది వెళ్ళాక వాళ్ళింట్లో ఇత్తడి బిందె అరుగు మీంచి జారి పడింది. మా ఇంట్లో అందరం ఉలిక్కిపడి బయటికొచ్చాం. వీధిలో కుక్క లేచి పారిపోయింది. అరుగు మీదే చాప వేసి పడుకోబెట్టిన సిరి అటు తిరగలేదు. కాళ్ళు ఆడించుకుంటూ తన వేళ్ళు చూసుకుంటోంది. వరలక్ష్మి బిందె ఎత్తి, కావాలని ఇంకోసారి కింద పడేసింది. పిల్ల తిరగలేదు. మూడోసారి ఎత్తబోతే వాళ్ళాయన వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. బెజవాడ తీసుకెళ్ళి పరీక్షలు చేయించారు. రెండు చెవులూ పోయాయన్నారు. జ్వరం అప్పుడు లోపలికి తగిలిందట. ఆ జ్వరం ఇంకో నెల ఆగి వచ్చి ఉంటే, ఆ పిల్లకి సూది వేసే వయసు వచ్చేది. తారీఖు కూడా వరలక్ష్మి నాకు చెప్పి పెట్టుకుంది, గుర్తుచేయమని.

ఆ ఏడాది తిరక్కుండానే కొట్టు మూసేసి పెడన వెళ్ళిపోయారు. వ్యాపారం సాగలేదని చెప్పారు. వీధిలో అందరికీ అసలు సంగతి తెలుసు, ఎవరూ నా మొహం మీద అనలేదు. నేను వియ్యపురాలినీ ఏమీ అనలేదు, ఆవిడా నన్ను అనలేదు. మర్యాద అలాగే నిలిచింది. సునీత మాత్రం పిల్లల విషయం ఏదైనా నన్ను అడగడం మానేసి, తనే నిర్ణయం చేసి నాకు చెప్పడం మొదలుపెట్టింది. అందుకు నేను కోప్పడలేదు. కోప్పడే అధికారం పోయిందని ఇద్దరికీ తెలుసు.

ఎనిమిదేళ్ళ తరవాత దుప్పట్ల కోసమని చెప్పి పెడన వెళ్ళాను. నిజానికి దుప్పట్లు అక్కర్లేదు. పొడుగాటి షెడ్డులో బల్లల మీద అచ్చులు టక్ టక్‌మని పడుతున్నాయి. చివరి బల్ల దగ్గర ఒక పిల్ల రెండు జడలతో, రంగు అంటిన చేతులతో, చిన్న అచ్చుతో రుమాలు మీద అంచు వేస్తోంది. వెనక నించి ఎవరో సైకిలు బెల్లు గట్టిగా కొట్టారు. పిల్ల కదల్లేదు. వరలక్ష్మి వచ్చి బల్ల మీద అరచేత్తో చరిస్తే ఆ అదురుకి తలెత్తింది. తల్లి నా వైపు చూపించి రెండు చేతులూ జోడించింది, దణ్ణం పెట్టమని. ఆ పిల్ల నాకు దణ్ణం పెట్టింది.

“మీకు మనవరాలు కూడా పుట్టిందటగా” అంది వరలక్ష్మి దుప్పట్లు విప్పుతూ.

“పుట్టింది. నాలుగో ఏడు.”

“దానికి వేయించారా?”

“వేయించాం.”

“ఎవరు వేయించారండీ? వాళ్ళా, మీరా?”

సునీత ఆమెతో మొత్తం చెప్పిందని నాకు అప్పుడు అర్థమైంది. దాని తప్పు లేదు. “తొమ్మిదో నెల రాగానే నేనే తీసుకెళ్ళాను” అన్నాను. “మంచి పని చేశారండీ” అంది, ఎకసెక్కం లేకుండా. రెండు దుప్పట్లు కట్టించి, నేను ఎంత చెప్పినా ఒకదానికి డబ్బు తక్కువే తీసుకుంది. క్షమించమని అడగాలని వెళ్ళినదాన్ని, దుప్పట్లు పట్టుకుని బస్సెక్కాను. ఆ తరవాత మళ్ళీ వెళ్ళలేదు.

ఇప్పుడు మా పై అంతస్తులో స్రవంతి అనే అమ్మాయి ఉంటుంది. ఇంట్లోంచే ఉద్యోగం చేస్తుంది, తెలివైన పిల్ల. పోయిన వారం వచ్చి కూర్చుంది. “చూడండి మామ్మగారూ, పాపని స్కూల్లో వేయాలంటే టీకాల కార్డు చూపించాలట. లేకపోతే చేర్చుకోరట. నా పిల్ల, నా ఇష్టం కదా? బలవంతం ఏంటండీ? మీరు పెద్దవారు, మీరైనా ఒక మాట చెప్పండి వాళ్ళకి” అంది. ఆమె భయాలు ఆమెకున్నాయి, ఎక్కడెక్కడో చదివింది. గాదె వెనక నన్ను దాచిన మా అమ్మకీ భయమే. భయపడే తల్లిని ఎగతాళి చేయడం నాకు చేతకాదు. “వేయించమ్మా, మంచిది” అన్నాను గాని, ఎందుకో చెప్పలేకపోయాను. చెప్పాలంటే సిరి పేరు చెప్పాలి, ఆసుపత్రిలో గోడ వంక చూసిన సంగతి చెప్పాలి. కాఫీ ఇచ్చి పంపేశాను. అందుకే ఇది రాస్తున్నాను. అచ్చయ్యాక ఆ అమ్మాయికే ముందు ఇస్తాను.

బలవంతం మంచిదా అంటే, మంచిదని ఎలా అంటాను? ఒకళ్ళు చెప్తే చేసే రకం కాదు నేను. కానీ నా సంగతి నాకు తెలుసు. నియమం ఉన్నచోట నేను ఎన్నడూ తప్పలేదు. నియమం లేనిచోట నా మర్యాద చూసుకున్నాను. ఆ బల్ల దగ్గర నర్సమ్మ “కార్డు చూపించండి, లేకపోతే ఇవాళే వేయించాలి” అనగలిగితే నేను రుసరుసలాడి ఉండేదాన్ని, వీధిలో పదిమందికి చెప్పి ఉండేదాన్ని, వేయించి ఉండేదాన్ని. అప్పటికి జలుబు పట్టింది, ఆ రోజు వేసినా ఆలస్యమేనంటారు. సరే, ఏడాది ముందు చుక్కల ఆదివారం కూడా అదే బల్ల దగ్గర నిలబడ్డాను. అప్పుడూ ఎవరూ అడగలేదు. నా పిల్ల నా ఇష్టం అనే మాట సగమే నిజం. రెండో సగం పక్క వాటాలో చాప మీద పడుకుని ఉంది.

పోయినవి ఇవి. సిరికి రెండు చెవులు. చెవుల వెంట రావలసిన మాటలు అన్నీ. వాళ్ళ గుడివాడ కొట్టు. వరలక్ష్మి నోట అక్కయ్యా అన్న పిలుపు. మా కోడలికి నా మీద ఉన్న గురి. మావాడికి పోయింది కిలో బరువు. అది వేసవి లోపలే తిరిగి వచ్చింది.